కొంగున కట్టిన లెక్క

వనస్థలిపురంలో దీక్షా శిబిరానికి టెంటు వేసిన పొద్దున గీత ఒక లెక్కల మాస్టారిని లెక్కలోనే ఓడించింది. ఆ తగాదాను ఆమె అత్త లచ్చమ్మ జంపఖానాల కట్ట మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూసింది. కోడలు గెలిచిన తగాదాలు అంతకుముందు కూడా చూసింది కాని, అవన్నీ తనతో పడ్డవి కాబట్టి వాటిని గెలుపుల్లో వేయలేదు.

అది రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు. టెంట్లకు మాత్రం ఊపిరి తీసుకోనివ్వని గిరాకీ. లచ్చమ్మ కొడుకు మహేష్‌కు అల్మాస్‌గూడలో టెంటు హౌస్ ఉంది. గీత అంగన్‌వాడీలో ఆయా. సెంటరు మూసి ఉంది గనుక మగనికి సాయం వచ్చింది. టెంటు వేసే చోటుకు ఆనుకుని ఉన్న ఇల్లు భానుమూర్తిది. గుంటూరు వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. సమ్మెతో ఆ సెంటరూ మూతపడి, చెప్పడానికి ఎవరూ దొరక్క నోరు ఎండిపోయి ఉన్నాడు. టెంటు తాడు తన గేటుకు అడ్డం పడుతుందని, స్కూటరు బయటికి రాదని, కాగితం పట్టుకుని మరీ వచ్చాడు.

"పన్నెండడుగుల కర్ర కదమ్మా. తాడు నేలతో నలభై డిగ్రీల కోణం చేస్తుందనుకుందాం. మేకు పద్నాలుగడుగుల దగ్గర పడుతుంది. నా గేటు పదడుగుల్లోనే ఉంది."

"అనుకునుడు ఎందుకు సారూ, తాడు నా చేతులనే ఉన్నది," అంది గీత. "ముడులు పోను పదిహేనడుగులు. మేకు తొమ్మిదడుగుల కాడ పడ్తది. పదో అడుగు మీ స్కూటరుది."

మహేష్ మేకు కొట్టాడు. టేపు పెడితే తొమ్మిది. భానుమూర్తి టేపును తిరగేసి ఇంకోసారి కొలిచాడు. అప్పుడూ తొమ్మిదే. ఓడిన మనిషి తలుపేసుకుని లోపలికి పోతాడని లచ్చమ్మ అనుకుంది. ఆయన పోలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు. కర్ర మీద ఒక చదరం, తాడు మీద ఒక చదరం గీశాడు. పదిహేను పదిహేనులు రెండు వందల ఇరవై అయిదు. అందులోంచి పన్నెండు పన్నెండులు నూట నలభై నాలుగు తీసేస్తే ఎనభై ఒకటి. అంటే తొమ్మిది తొమ్మిదులు. నీకు చేతితో తెలిసింది ఇదేనమ్మా అన్నాడు.

గీత ఆ సుద్దగీతల్ని వేలితో ఒక్కొక్కటే తడిమి చూసింది. "గింత తెలిసినదాన్ని, మూడుసార్లు ఎందుకు ఫెయిలైన సారూ?" అంది.

సంగతేమిటంటే, ఓపెన్ స్కూల్లో కట్టిన పదో తరగతిలో ఆమెకు మిగిలింది లెక్కలొక్కటే. వచ్చే వానాకాలానికి ఆమె సెంటర్లోనే టీచరు పోస్టు ఖాళీ అవుతుంది. పది పాసైతేనే ఇస్తారు. ముప్పై అయిదు దాటితే దరఖాస్తు కూడా తీసుకోరు, గీతకు ముప్పై నాలుగు నిండాయి. ఎండాకాలంలో వచ్చే పరీక్ష పోతే, ఆమె బతుకంతా ఇంకొకరి క్లాసులో చాపలు దులపడమే. ఆ మూడుసార్లూ ఆమెను ముంచింది సైన్లు, కాస్‌ల పట్టికే. రాత్రి కంఠతా పట్టింది పొద్దున హాలు మెట్లెక్కేసరికి కలిసిపోయేది.

భానుమూర్తి ఇంట్లోకి పరుగెత్తి అట్టలు ఊడిన నోటుబుక్కు ఒకటి తెచ్చాడు. అందులో త్రికోణాల లెక్కలన్నీ కోణాలు లేకుండా, పట్టిక లేకుండా చేసి ఉన్నాయి. ఎన్నోసార్లు క్లాసులో చెబుదామనుకుంటే, పరీక్షకు పనికిరాని పాండిత్యమని కోచింగ్ వాళ్లు పడనివ్వలేదట. ఇన్నాళ్లకు ఆయనకు ఒక్క స్టూడెంటు దొరికింది, అదీ టెంటు కింద.

మర్నాటి నుంచి శిబిరంలో ఒక మూల పాఠం. ముందువైపు నినాదాలు, వెనకవైపు చదరాలు. ఆంధ్రా సారు మన టెంట్ల కూసున్నడేందని ఒకరు సణిగితే, ఆయన గేటు కాడికి మన టెంటే పోయిందని గీత నోరు మూయించింది.

పాఠం చిన్నదే. పొడవు జోలికి పోకుండా దాని మీది చదరాన్ని పట్టుకోవాలి. కోణం మాట మరిచిపోయి, రెండు గీతల మధ్య ఎడం ఎంతో చూడాలి. ఆ మూలకు ఎదురుగా ఉన్న గీత మీది చదరం, ఏటవాలు తాడు చదరంలో ఎన్నో వంతో అదే ఎడం. పుస్తకం వాళ్లు ముప్పై డిగ్రీలంటే మనకు పావు. నలభై అయిదంటే అర. అరవై అంటే ముప్పావు. తొంభై అంటే నిండుగా ఒకటి.

లచ్చమ్మ చెవి అక్కడ నిలబడింది. అల్మాస్‌గూడ ఊరుగా ఉన్నప్పుడు ఆమె నాలుగు బర్రెల పాలు ఇంటింటికీ పోసింది. రెండో తరగతి చదివిందే గాని, కొలతలో ఆమెను మోసం చేసిన మనిషి ఇంకా పుట్టలేదు. "గింతేనా?" అంది. "పావు, అర, ముప్పావు, లీటరు. గీ పాల లెక్కకు సైనని పేరు పెట్టి నా కోడలిని మూడుసార్లు ఫెయిల్ చేసిండ్రా?"

శిబిరంలో ఉపవాసం కూర్చున్న దశరథ ఆ వైపు దీనంగా చూశాడు. "లచ్చవ్వా, తిననోళ్ల ముంగట పాల ముచ్చట తియ్యకే, నీకు దండం పెడ్త."

టెంటంతా నవ్వింది. భానుమూర్తి నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సాయంత్రానికి దీక్షవాళ్లు కూడా ముప్పైకి పావు, అరవైకి ముప్పావు అని గొంతు కలిపారు. ఆ వారం గీత నడిచిన తీరు చూసి లచ్చమ్మకు భయమేసింది. కరెంటు స్తంభం కనిపిస్తే ఆగి దాని నీడ కొలిచేది. రొట్టెను త్రికోణంగా కోసి, తినకముందు ఎడం చెప్పేది.

అయితే ఒక తప్పు ఆమెను వదల్లేదు. ఇరవై అడుగుల తాడు నేలతో ముప్పై డిగ్రీలు చేస్తే కర్ర ఎత్తెంత అని ఇచ్చాడు భానుమూర్తి. ఇరవై ఇరవైలు నాలుగు వందలు, అందులో పావు నూరు. గీత నూరడుగులని రాసేసింది. నూరంటే పది పదులు, జవాబు పదడుగులు. చదరంలోకి పోయిన మనిషి తిరిగి పొడవులోకి రావడం మరిచిపోయింది.

"ఇరవై అడుగుల తాడుతోటి నూరడుగుల కట్టెను కట్టినవా," అన్నాడు మహేష్. "నా దుకాణం ముంచుతవ్."

పది రోజులు అదే తప్పు. భానుమూర్తి ఎర్ర సిరాతో రాసి చూపించినా అంతే. చివరికి మందు లచ్చమ్మ చెప్పింది. పాలు బాకీ పెట్టిన ఇంటిని మరవకుండా ఆమె కొంగున ముడేసుకునేది. అట్లనే, చదరంలోకి పోయేముందు ముడెయ్యి, ముడి విప్పకుండా జవాబు రాయకు అంది. భానుమూర్తి ఆ మాటను తన నోటుబుక్కులో రాసుకున్నాడు, కింద లచ్చమ్మగారు అని పేరు కూడా పెట్టి. ఆమె ఆ పేజీని రెండుసార్లు చూపించమంది.

సమ్మె ఆగింది, చలికాలం పోయింది, పరీక్ష వచ్చింది. ఎల్‌బీ నగర్ దగ్గరి బడి గేటు బయట లచ్చమ్మ ఎండలో నిలబడింది. లోపల జరిగింది గీత తర్వాత చెప్పింది. అరవై మీటర్ల దారానికి ఎగురుతున్న గాలిపటం, నేలతో ముప్పై డిగ్రీలు, ఎత్తెంత అని ప్రశ్న. ముడేసి చదరంలోకి పోయింది. మూడు వేల ఆరు వందలు, అందులో పావు తొమ్మిది వందలు. హాలంతా తనదే అన్నంత సంబరమై, తొమ్మిది వందలనే జవాబు రాయబోయింది. అంతలో కాపలా సారు వచ్చి, కొంగులో చీటీ ఉందని ముడి విప్పమన్నాడు. గీత విప్పింది. లోపల ఏమీ లేదు. ఆయన ముఖం చిన్నబోయింది, ఆమెకు మాత్రం చదరంలోంచి ఇంటికొచ్చే దారి గుర్తొచ్చింది. ముప్పై ముప్పైలు తొమ్మిది వందలు. జవాబు ముప్పై మీటర్లు. ఆయనకు థ్యాంక్స్ చెబితే ఆయన మరీ అనుమానంగా చూశాడట.

యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. దరఖాస్తు వేళకు అందింది, పోస్టూ వచ్చింది. భానుమూర్తి మిఠాయి డబ్బాతో అల్మాస్‌గూడ వచ్చి, ఇరవై ఏళ్లలో తన రిజల్టు ఇదేనని గల్లీ అంతా పంచిపెట్టాడు.

టీచరుగా చేరే ముందురోజు గీత అటక మీది పాత ఇత్తడి పాల కొలపాత్రలు దించి, చింతపండుతో తళతళా తోమి అత్త ముందు వరసగా పెట్టింది. లచ్చమ్మ వాటిని అమ్మడానికా అని గట్టిగానే అడిగింది.

"అమ్మనీకె కాదత్తమ్మా. రేపు నువ్వు గివి తీస్కొని సెంటరుకు రావాలె. నీళ్లు పోసి పోరగాండ్లకు పావు, అర, ముప్పావు చూపియ్యాలె. నాకంటె ముందు నీకే సమజైంది గది," అంది గీత. తర్వాత కాస్త ఆగి, "నోరు మాత్రం జర ఇంట్ల పెట్టి రా. ఆళ్లు ఇంకా చిన్నోళ్లు."