పార్ అని రాసిన చీటీ

భవానీపురం చేపల బజారులో కరిగే ఐసు వాసన తగిలితే చాలు, నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే గంప అడుగుకి పోతుంది. మొన్న అమ్మే ఆవిడ కసిరింది కూడా: "పైవి కనిపించట్లేదా అమ్మా, అడుగున కెలుకుతున్నావు?" కనిపించబట్టే కెలుకుతున్నానని ఆవిడకేం చెప్పను! ఈ అనుమానపు చెయ్యి నాకు ప్రభాకరంగారు ఇచ్చింది.

కొల్లేటి చేపలు కొని పై ఊళ్లకు పంపే చిన్న కంపెనీకి ఆయన మేనేజరు. సరుకు చూసి చీటీ రాసే ఉద్యోగంలో నేను కొత్తగా చేరాను. మాది చేపలు పట్టే కుటుంబం. ఇంట్లో నెలజీతం మొహం చూసింది నేనే మొదట. చీటీ మీద ఒకే మాట ఉండాలి: 'పార్', లేదంటే 'పార్‌కి తక్కువ'. వయసులో ఉండగా ఆయన ఒక గోల్ఫ్ క్లబ్బులో గుమాస్తాగా చేశారట. ఆ మాట అక్కణ్ణుంచి పట్టుకొచ్చారు.

"గుంతలో బంతి వెయ్యడానికి మంచి ఆటగాడికి ఇన్ని దెబ్బలు చాలని ముందే ఓ లెక్క ఉంటుందమ్మా. అదే పార్. అంతకన్నా తక్కువలో వేస్తే మొనగాడు. బయట ఇంగ్లీషు మాట్లాడే జనం మాత్రం నాసిరకాన్ని పార్‌కి తక్కువ అంటారు. ఒంట్లో నలతగా ఉన్నా అదే మాట. మనం జనం పద్ధతిలోనే రాద్దాం."

"ఆటలో దొంగలెక్క చెబితే ఎవరు పట్టుకుంటారండీ?" అన్నాను.

"ఎవరూ చూడకపోయినా తన తప్పు తనే చెప్పుకోవాలంట." ఆయన నవ్వలేదు. "అందుకే నాకా ఆటగాళ్ల మీద ఎప్పుడూ అనుమానమే."

నేను పార్ అని రాసిన ప్రతి లోడు దగ్గరికీ వచ్చి, ఒక క్రేటు బోర్లించి, అడుగు చేప మొప్పలెత్తి చూసేవారు. ఎర్రగా ఉంటే తాజా, గోధుమరంగుకు తిరిగితే పాతది. ఏడాదిపాటు ఇదే వరస. చేపలవాళ్ల పిల్ల కదా, తనవాళ్లతో కుమ్మక్కయిందని అనుకుంటున్నారని నా అనుమానం. ఆయనంటే ఒళ్లు మండేది, దాచడమెందుకు.

ఒకరోజు మా మావయ్య లోడు వచ్చింది. నా చదువుకి ఫీజులు కట్టింది మావయ్యే. పై వరుసలో బొచ్చె చేపలు మెరిసిపోతున్నాయి. చెయ్యి అడుగుకి పెట్టబోయి, మావయ్య చూస్తున్నాడని ఆగాను. పార్ అని రాసేశాను.

"ఎవరి సరుకమ్మా?" అన్నారు ప్రభాకరంగారు.

"మా మావయ్యదండీ."

ఇక అన్ని క్రేట్లూ బోర్లిస్తారనుకున్నాను. ఆయన చీటీ మీద సంతకం పెట్టేశారు. "నువ్వు చూశావుగా, చాలు. లారీకి ఎక్కించెయ్యమను."

ఏడాదిగా నేను కోరుకున్న నమ్మకం అదే. తీరా అది దొరికాక నేనే లారీ దగ్గరికి వెళ్లి ఒక క్రేటు బోర్లించాను. పైన పటారం, లోన లొటారం. అడుగువాటి మొప్పలన్నీ గోధుమరంగే.

"ఏంటమ్మాయ్, మనోళ్లవి కూడా చూడాలా?" అన్నాడు మావయ్య చిన్నబోయి.

చీటీ కొట్టేసి, 'పార్‌కి తక్కువ' అని ఇంకోటి రాసి, తప్పు నాదేనండీ అంటూ ప్రభాకరంగారి ముందు పెట్టాను. ఆయన దాని మీదా సంతకం పెట్టారు.

ఆ తర్వాత ఆయన నేను చూసిన లోడులో ఒక్క క్రేటు కూడా తెరవలేదు. నన్ను నమ్మి సంతకం పెట్టారా, అడుగున ఏముందో తెలిసే పెట్టారా? అడిగే ధైర్యం నాకు వచ్చేసరికి ఆయన లేరు. పోయిన మనిషిని ఇంకా అనుమానిస్తూనే ఉన్నాను.

మావయ్య రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఇప్పుడు వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా, నేను అడక్కముందే, తెచ్చిన చేపల సంచి నా ముందు బోర్లించి చూపిస్తాడు. అప్పుడు నాకు ఏడుపొస్తుంది. అయినా మొప్పలెత్తి చూస్తాను.