దోసిలి

కోయంబత్తూరులో నేను గుమాస్తాగా ఉన్న మిల్లులో వరండా ఊడ్చే ముసలామెను తలుచుకుంటే, ముఖం కంటే ముందు ఆమె దోసిలి గుర్తుకొస్తుంది. దాహమైతే ఆఫీసు మెట్ల కింద నిలబడి, నడుం వంచి, రెండు చేతులూ నోటి దగ్గర చేర్చేది. పైనుంచి మాలో ఎవరో ఒకరం చెంబుతో పోసేవాళ్ళం.

అందరూ అరవం మాట్లాడే ఆ మిల్లులో నాతో తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే. మాది భూములున్న నాయుళ్ళ ఇల్లు, ఆమెది ఊరి చివరి వాడ. నా తల్లి కంటే పెద్దది. నన్ను సామీ అనేది, నేను నువ్వు అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, అమెరికాలో నల్లవాళ్ళకు నీళ్ళ కొళాయిలు వేరుగా పెడతారని పత్రికలో చదివి మండిపడ్డాను. తోటి గుమాస్తాలకు చదివి వినిపించి, అలా పెట్టేవాళ్ళూ మనుషులేనా అన్నాను. చీపురు ఆపి చూస్తున్న ఆమెకు తెలుగులో కూడా చెప్పాను.

కాసేపటికి నీళ్ళడిగింది. నేనే పోశాను. తాగి, మూతి తుడుచుకుని, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఆ పైపు వాళ్ళే తిప్పుకోవచ్చునా సామీ?"

"తిప్పుకోవచ్చు."

"ఎవురినీ అడగకనే?"

"ఊఁ."

"అట్లయితే మేలే," అని మళ్ళీ దోసిలి పట్టింది.

ఆమె చేతులకు తగలకుండా చెంబును ఎంత ఎత్తున పట్టుకున్నానో అప్పుడు చూసుకున్నాను. అయినా దించలేదు.