ఆమె పేరు మీద పెట్టిన అర్జీ

నేను బడికి పోలేదు. ఖురాన్ చదవడం, ఉర్దూ రాయడం అమ్మీ ఇంట్లోనే నేర్పింది. తెలుగు మాత్రం నా స్నేహితురాలు నేర్పింది. ఇబ్రహీంపట్నంలో మా వెనక వీధి పిల్ల. బడి నుంచి వచ్చి తన పలక నా ఒళ్లో పెట్టేది, తప్పు రాస్తే నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయలకు ఈ రోజుకీ షుకర్ చెప్పుకుంటాను. వాటి పుణ్యాన వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే రాసిపెట్టేదాన్నయ్యాను. పింఛను రాలేదని, రేషన్ కార్డులో పేరు తప్పని, బోరింగ్ బాగుచేయించమని.

కుట్టుమిషన్ నా బతుకుతెరువు. నా స్నేహితురాలు పెళ్లై శేరిగూడకు పోయినా ఆమె జాకెట్లు నేనే కుట్టేదాన్ని. ఒకసారి కొలతలు తీస్తుంటే, "ఎడమ పక్క జర లూజ్ పెట్టే" అంది. పెట్టాను. ఎందుకని అడగలేదు. కొన్ని నెలలకు అదే జాకెట్ తెచ్చి ఇంకా లూజ్ చేయమంది. అప్పుడు అడిగితే, రొమ్ములో గడ్డ ఉందంది. అల్లా నన్ను క్షమించాలి, మొదటిసారే అడగవలసింది.

జబ్బు తెలిశాక తల్లి దగ్గరికి వచ్చేసింది. పట్నంలో పెద్ద దవాఖానకు ప్రతిసారీ నేను తోడు పోయేదాన్ని. ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టంతా పోయింది. నా ఓణీ తలకు చుట్టుకుని అద్దంలో చూసుకుంది.

"మీ లెక్కనే ముసుగేసుకున్న. ఇగ మీ ఇంట్ల దావత్ అయితే నన్నిడిచిపెట్టి తింటె ఊకోను."

"ముందుగాల గంజి తాగు, తర్వాత దావత్" అన్నాను. నవ్వింది. గంజి మాత్రం తాగలేదు.

చివరిసారి డాక్టరు అబద్ధం చెప్పలేదు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని. ఈ రకం క్యాన్సర్‌కు ఉన్న మందులు పట్టడం లేదన్నాడు. కొత్త వాటి కోసం పరిశోధన జరుగుతోంది కానీ నిధులు చాలడం లేదు, టైం పడుతుందన్నాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి కూర్చుంది. తర్వాత నా మోచేయి పొడిచింది.

"ఇన్నవా? ఎతికేటోళ్లకు పైసల్లేవంట. బోరింగ్‌కు రాస్తవ్, గీనికి ఒక్కటి రాయరాదే?"

"రాస్త."

"ఊకె అనుడు గాదు. నాకు గాకపోతె ఇంకొకలకన్న పనికొస్తది."

నేను రాయలేదు. రాస్తే ఆమెకు మందు లేదని నా చేత్తో ఒప్పుకున్నట్టే అనిపించేది. వానలు మొదలైన వారంలో ఆమె పోయింది.

మా ఇళ్లలో ఒక అలవాటుంది. పోయినవాళ్ల పేరు మీద మంచి పని చేస్తాం. దారిన పోయేవాళ్లకు నీళ్ల కుండ పెట్టినా, ఆకలైనవాళ్లకు అన్నం పెట్టినా, పుణ్యం వాళ్లకు చేరాలని దువా చేస్తాం. ఒక రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక కూర్చుని అర్జీ రాశాను. మా ఊరి ఆడవాళ్లకు వచ్చే ఈ జబ్బుకు మందు వెతికేవాళ్లకు ప్రభుత్వం నిధులు పెంచాలని రాశాను. అర్జీదారు అన్న చోట ఆమె పేరు రాశాను. కింద వాళ్ల ఇంటి ఫోన్ నంబరు వేశాను. ఆమె చెప్పిన పని ఆమె పేరునే చేరాలనుకున్నాను తప్ప, చదివేవాళ్లు ఏమనుకుంటారో నాకు తోచలేదు. సోమవారం పోయి అర్జీలు తీసుకునే ఆఫీసులో ఇచ్చి వచ్చాను. మనసు కాస్త తేలికపడింది కూడా.

మూడు వారాల తర్వాత ఆమె తల్లి మా ఇంటికి వచ్చింది. చేతిలో బిడ్డ స్కానింగులు, రిపోర్టులు ఉన్న సంచి. చెప్పులు లేవు. ఊపిరాడడం లేదు.

"ఆఫీసోళ్లు ఫోన్ జేసిన్రు బిడ్డా. నా బిడ్డను కాయితాలు పట్టుకొని రమ్మంటున్రు. మందేమన్న వచ్చిందా? ఏమని జెప్పాలె నేను?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆమె పేరు, క్యాన్సర్ అన్న మాట చూసి, బతికున్న రోగి వైద్యానికి సాయం అడుగుతోందనుకున్నారు. వాళ్ల తప్పు కాదు. నేను తల్లి కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె కదలకుండా విన్నది.

"పోయినోళ్లు దర్కాస్తు పెడ్తరానే, పిచ్చిదానా?"

"మాఫ్ చెయ్యవ్వా."

"ఫోన్ల గా ఆఫీసు పిల్ల నా బిడ్డ పేరు పిలిస్తె, ఒక్క గడియ ఇంట్లకు జూసిన. లోపట పండుకున్నదేమో అని."

ఇద్దరం ఏడ్చాం. కొంగుతో ముఖం తుడుచుకుని ఆమే లేచింది.

"మల్ల రాయి. నా పేరు రాయి. బతికున్నోళ్ల పేరు గావాలె గద వాళ్లకు."

తర్వాతి సోమవారం ఇద్దరం పోయాం. కౌంటర్ దగ్గరి అమ్మాయి కాగితం మొత్తం చదివింది. "ఫోన్ చేసింది నేనే, క్షమించమ్మా" అని లేచి నిలబడింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. తర్వాత మెల్లగా, "ఇది మా చేతిల లేదు, పైకి పంపిస్త. సాయం ఎవరికి అని రాయాలె?" అంది.

"నా బిడ్డకైతే అయిపాయె. ఇంక ఎవలకొస్తదో వాళ్లకని రాయి" అంది తల్లి. వేలిముద్ర వేసింది.

బయటికి వచ్చి బస్సు కోసం నడుస్తున్నాం. రోడ్డు మీద మస్తు ఎండ. నా చేయి పట్టుకుని నడుస్తూ ఆమె అంది:

"మందు వస్తె నాకు జెప్పకే. అప్పుడెందుకు లేకపాయెనని కడుపు మండుతది."

"చెప్పనవ్వా."

నాలుగడుగులు వేసి ఆగింది.

"కాదు, జెప్పు. ఏడుస్త గని, జెప్పు."