హంస మెడ దగ్గర తప్పిన వరుస

ఇంటర్ అయ్యాక నాకు దొరికిన మొదటి పని ధర్మవరంలో. తొంభైల చివరి రోజులు. పొద్దున పెనుకొండలో రైలెక్కి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేదాన్ని. పట్టుచీరల మగ్గాలకు అట్టలు కొట్టే గది అది. చీర అంచులో రావలసిన బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు. ఒకరు ఆ గళ్ళను, రంగు నింపినదాన్ని నిండు అనీ ఖాళీదాన్ని వదులు అనీ, వరుసగా చదివితే, ఇంకొకరు విని అట్టకు బెజ్జాలు కొడతారు. ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. అట్టలన్నీ దారంతో కుట్టి మగ్గానికి ఎక్కిస్తే, బెజ్జాలను బట్టి బొమ్మ పడుతుంది. చదివేది నేను. కొట్టేది నలభై దాటిన ఒక అక్క.

ఇంట్లోనే గట్టిగా మాట్లాడని మనిషిని. "రెండు నిండు, మూడు వదులు, ఐదు నిండు" అని చదువుతుంటే నా గొంతు నాకే సరిగా వినపడేది కాదు.

"ఏం మే, ఈడ ఎవురన్నా నిద్రపోతాండారా? ఎవురికి బయపడి సదువుతాండావు?" అనేది అక్క. ఇంకో రోజు, "పెండ్లిసూపులకు కూర్చున్నెట్ల కూర్చున్నావే! నోరు తెరు."

ఆమె కసిరేకొద్దీ నా గొంతు ఇంకా తగ్గేది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమెకు వీపు పెట్టి, ఒళ్ళో నవల తెరుచుకుని కూర్చునేదాన్ని. కొన్ని నెలలకు మా మధ్య నిండు, వదులు తప్ప వేరే మాట లేకుండా పోయింది. ఆమెకు చెప్పలేని జవాబులన్నీ ఇంటికి వచ్చి డైరీలో రాసేదాన్ని. అక్కడ నాకు నోరు బాగానే లేచేది.

హిందూపురం నుంచి ఒక నేతగాడు హంసల అంచుకు అట్టలు అడిగాడు. హంస మెడ దగ్గరికి వచ్చేసరికి అక్క "మళ్ళా సెప్పు" అని అరిచింది. ఉలిక్కిపడి కాగితం మీది నుంచి వేలు తీశాను. తిరిగి పెట్టేటప్పటికి ఏ వరుసో తెలియలేదు. కాసేపు ఆగమని అడగాలి. అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. తోచిన వరుస చదివేశాను. ఆ తర్వాత నా పెన్సిలు గుర్తు కనపడి దారిలో పడ్డాను కానీ, కొట్టేసిన అట్టను తీసేయమని చెప్పడానికి నోరు రాలేదు.

రెండు వారాలకు ఆ నేతగాడు జానెడు అంచు చేత్తో పట్టుకుని వచ్చాడు. ప్రతి హంస మెడకూ అడ్డంగా ఒక గీత.

"ఏమబ్బా, హంసల్ని పంపమంటే అన్నిటికీ గొంతు కోసి పంపిండారే!"

యజమాని అంచును వెలుగుకు పట్టి చూసి, అక్క వైపు తిరిగాడు.

"నీకు కండ్లు ఆనడం ల్యా. నేను శానా రోజులుగా సూస్తాండా. వచ్చే నెల నుంచి ఇంకొకర్ని పెట్టుకుంటా."

"నేను ఇన్నదే కొట్టినా అన్నా" అంది అక్క. అంతే. నా వైపు చూడలేదు.

అక్క ఇంటికి ఆమె జీతం ఒక్కటే ఆధారం. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. నేను ఊరుకుంటే నన్ను అడిగేవాళ్ళు లేరు. ఆమె పోతే బాగుండునని ఎన్ని పేజీలు రాసుకున్నానో! ఇప్పుడు నిజంగానే పోతోంది.

"అన్నా, తప్పు నాది. వరుస నేనే తప్పినా. తెలిసి కూడా చెప్పల్యా."

"ఏమంటాంది?" అన్నాడు యజమాని, నాకేసి చూస్తూ.

"తప్పు తనదంట" అంది అక్క. నా గొంతు అందుకోవడం ఆమె చెవికే అలవాటు.

ఏ అట్ట తప్పో నేను చెప్పలేకపోయాను. ఆదివారం ఇద్దరూ వచ్చి మెడ భాగం మొత్తం మళ్ళీ కొట్టాలనీ, ఇంకోసారి తప్పు వస్తే ఇద్దరూ ఇంట్లోనే ఉండాలనీ చెప్పి యజమాని లోపలికి పోయాడు.

ఆదివారం గదిలో మేమిద్దరమే. అక్క అట్ట బిగిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"అన్న సెప్పింది అబద్దం గాదు పాపా. ఆ గళ్ళు నాకు కనపడక ఏడాదైపాయ. బెజ్జం చేతికి తెలుస్తాది. బొమ్మ మాత్రం నీ నోట్లోనే ఉండాది. నువ్వు గొణిగితే నాకు చెయ్యి ఆడదు. దానికే అరుస్తా."

"ముందే చెప్పింటే..."

"నువ్వు సెప్పినావా?"

కాగితం విప్పి, వేలు గట్టిగా ఆనించి, చదవడం మొదలుపెట్టాను. నాలుగైదు వరుసలకు నా గొంతు నాకు కొత్తగా వినపడింది. పది దాటాక దాని సంగతే మర్చిపోయాను.

మెడ సగం అయ్యేసరికి యజమాని గబగబా వచ్చి తలుపు తోశాడు.

"ఏందమ్మా, ఆదివారం గూడా కొట్లాటేనా? వీధి చివరిదాకా ఇనపడతాంది!"

"కొట్లాట గాదన్నా, సదువుతాంది" అంది అక్క, చేయి ఆపకుండా. "నువ్వు ఆడనే నిలబడు. వరుస తప్పుతాది."