ట్యాంకు పక్కన తీర్మానం

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. పిల్లల చెవిన పడకూడని మాట ఏదైనా డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కనే మాట్లాడాలి. మా ఆడపడుచు పెళ్లి అక్కడే ఖాయమైంది. మా ఆయన నారాయణగూడలో స్టేషనరీ షాపు పెట్టాలా వద్దా అన్నదీ అక్కడే తేలింది. ముందు మామగారు మెట్లెక్కుతారు, వెనక మా ఆయన, ఆ వెనక కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేను. తలుపు గడియ పెట్టాక గాని ఎవరూ నోరు విప్పరు. చిక్కడపల్లి సందుల్లో ఇళ్లు భుజాలు రాసుకుని ఉంటాయి కదా, గోడలకు చెవులుంటాయని మామగారి భయం.

మా అమ్మాయికేమో అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఒకటే ఆరాటం. దానికి అసెంబ్లీ అని పేరు పెట్టింది. మేం దిగి రాగానే ఇయ్యాల ఏం పాసైందని అడిగేది, నేనేదో ఒక కథ అల్లి చెప్పేదాన్ని. ఆ అడిగే గుణం దానికి నా నుంచే వచ్చింది. ఎందుకు అని అడగకుండా నేను కూరలో ఉప్పు కూడా వేయను. మీ పాప ప్రశ్నలకు వేరే ఒక టీచర్ని పెట్టుకోవాలని బడిలో అన్నప్పుడు సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోయాను.

తొమ్మిదో ఏట దానికి ఒక్క వస్తువు రెండుగా కనపడటం మొదలైంది. తర్వాత నడక తూలింది. మెదడు కింది భాగంలో, ఊపిరిని నడిపించే చోట గడ్డ ఉందన్నారు. కోసి తీయడానికి వీల్లేని చోటట. రేడియేషన్ కరెంటు పెట్టించాం. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ సైకిలెక్కింది కూడా. అంతలోనే గడ్డ తిరిగి పెరిగింది.

డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి నింపాదిగా చెప్పింది. నయం చేసే మందు ఇక లేదు. ఏదో ఒక రోజు ఊపిరి అందకుండా పోతుంది. అప్పుడు గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టవచ్చు, కొన్ని రోజులు గడుస్తాయి, కాని గడ్డ తగ్గదు కాబట్టి ఆ మిషన్ నుంచి బయటికి రావడమంటూ ఉండదు. లేదంటే ఇంట్లోనే ఉంచుకుని నొప్పీ ఆయాసమూ తెలియకుండా మందులిచ్చుకోవచ్చు, నర్సమ్మలు ఇంటికే వచ్చి చూస్తారు. పిల్ల చిన్నది కాబట్టి నిర్ణయం తల్లిదండ్రులదే, ఆ రోజు రాకముందే ఆలోచించుకోండి అంది.

మా ఆయన తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు ప్రశ్న వచ్చింది. ఇదేం తల్లినని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా వచ్చింది. నిర్ణయం మాదే అంటే, ఎట్లా మాది? కన్నందుకా, పెంచినందుకా? దానికి ఏ రంగు గౌను కొనాలన్నా అది ఒప్పుకోవాల్సిందే, లేకపోతే సుల్తాన్ బజార్ నడి రోడ్డు మీదే అలిగి నిలబడేది. గౌను విషయంలోనే లేని అధికారం, ఊపిరి విషయంలో నాకు ఎవరిచ్చారు?

మా ఇంటి వెనక గదిలో కిరాయికుండే అమ్మాయిది సిద్దిపేట దిక్కు పల్లె. అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగుకు వెళ్తూ, మిగతా పొద్దంతా లైబ్రరీలో గడిపేది. రాజ్యాంగం కంఠతా వచ్చు. పిల్లల మీద తల్లిదండ్రుల హక్కు ఎక్కడ రాసి ఉందో చూసి పెట్టమని అడిగాను. నాలుగు ఆప్షన్లిస్తే చిటికెలో టిక్కు పెట్టే పిల్ల, దీనికి చాలా రోజులు తీసుకుంది. చివరికి చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

"బతికే హక్కుంది అక్క. మర్యాదగ పోయే హక్కు గూడ ఉందని కోర్టు చెప్పింది. తల్లిదండ్రులకు మాత్రం పిల్లల్ని సదివించే బాధ్యతనే రాసిన్రు. పిల్లల్ని అడగాల్నా వద్దా అనేది నాకైతె దొరకలె."

ఆ ఆదివారం సాయంత్రం అసెంబ్లీ కూర్చుంది. అప్పటికి మా అమ్మాయి నడవలేకపోతోంది, మాట కూడా ముద్దగా వచ్చేది. గాలి తగిలేలా దాని మంచాన్ని హాల్లో కిటికీ పక్కకు జరిపి, నిద్రపోయాక పైకెళ్లాం.

మామగారు చెడ్డవారు కాదు. దాని వేలు పట్టుకుని ఎండల్లో లైబ్రరీకి తిప్పింది ఆయనే. మిషన్ పెట్టించాల్సిందేనన్నారు. వద్దంటే చేతులారా చంపుకున్నట్టేనని, రేపు నలుగురికీ ఏం జవాబు చెప్తామని అన్నారు. మా ఆయన ముందు నాన్న చెప్పినట్టే అన్నారు, తర్వాత వద్దన్నారు, తర్వాత పిట్టగోడ మీద తల పెట్టి ఏడ్చారు. దాన్ని ఇంట్లోనే ఉంచుకుందామని నేనన్నాను. ఏమీ తేలలేదు. ఏది తేలినా పిల్లకు మాత్రం తెలియనియ్యొద్దు, భయపడ్తదని మామగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు.

కిందికొచ్చేసరికి అమ్మాయి కళ్లు తెరుచుకుని ఉంది.

"తాత ఏడ్చిండా? డాడీ ఏడ్చింది ఇనవడ్డది," అంది.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య మనిషి పట్టనంత సందు ఉంది. డాబా మీద ట్యాంకు సరిగ్గా ఆ సందు పైనే, హాలు కిటికీ సరిగ్గా ఆ సందులోకే. పైన గుసగుసలాడినా కింద కిటికీలో పడుతుంది. ఇన్నేళ్లు గడియ పెట్టుకుని మరీ మేం చేసిన తీర్మానాలన్నీ, వాళ్ల మేనత్త పెళ్లి సంబంధంతో సహా, అది కిటికీ పక్కన నిలబడి వింటూనే ఉంది.

మరి ఏం పాసైందని ప్రతిసారీ ఎందుకడిగేదానివే అన్నాను.

"నువ్వు నిజం చెప్తవా లేదా అని."

సిగ్గూ నవ్వూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. మంచం మీద దాని పక్కనే కూర్చున్నాను. గొట్టం పెడితే మాట్లాడొస్తదా అని అడిగింది. రాదన్నాను. నువ్వు నా పక్కన పంటవా అంది. అక్కడ పండనియ్యరు బిడ్డా, బయట కూసుంటం అన్నాను. మళ్ల ఇంటికొస్తనా అంది. కథ అల్లడానికి నోటి దాకా వచ్చింది. మింగేసి, రావు అన్నాను. లెక్క చేసేటప్పుడు ముఖం పెట్టినట్టు ముఖం పెట్టి కాసేపు ఆలోచించింది.

"మరి ఆ మిషన్ ఎవరికోసం మమ్మీ?"

తలెత్తితే గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. మెల్లగా వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుని దాని పాదం చేతిలోకి తీసుకున్నారు. మా ఇంట్లో ఆయన చెప్పడమే గాని అడగడం నేనెన్నడూ చూడలేదు.

"నీకెట్ల చెయ్యాల్నని ఉంది బిడ్డా?"

"ఈడనే ఉంట తాత. నువ్వు కాళ్లు ఒత్తు," అంది. కొంచెం ఆగి, డాడీని కూడా అడగమంది, లేకపోతే ఆయన ఒక్కడే బాధపడతాడట. మా ఆయన అప్పటికే నేల మీద దాని మంచానికి ఆనుకుని కూర్చుని, సరే బిడ్డా, సరే అంటున్నారు.

ఆ తర్వాత అది అడగని ప్రశ్న లేదు. నొప్పి పుడుతుందా, పోయినాక చీకటిగా ఉంటుందా, సైకిల్ ఎవరికిస్తారు. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. తెలియదని నేనంటే దానికి భలే సంతోషం, ఇద్దరం కలిసి ఊహించేవాళ్లం. పోయినాక చీకటే ఉంటే కనీసం వస్తువులు రెండుగా కనిపించవు కదా అని ఒకరోజు తేల్చేసింది.

ఒక పొద్దున్న దాని ఊపిరి ఆగి ఆగి వచ్చింది. మందు వేశాం, ఆయాసం సర్దుకుంది. తల నా ఒళ్లో, చేయి వాళ్ల నాన్న చేతిలో, కాళ్లు తాత ఒళ్లో ఉండగా పోయింది. చేసింది తప్పు కాదని నాకు తెలుసు. మిషన్ పెట్టి ఉంటే ఇంకో వారమన్నా దాని ముఖం చూసుకునేదాన్ని కదా అన్న ఆశ మాత్రం ఇప్పటికీ చావలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లతో హాలు నిండిపోయింది. బాగ్ లింగంపల్లి నుంచి వచ్చిన పెద్దాయన, మామగారికి వరసకు అన్న, అంత పెద్ద పెద్ద దవాఖానాలు పెట్టుకుని పిల్లను ఇంట్లో ఎట్లా పోనిచ్చారని అందరి ముందరే అడిగారు. మా ఆయన ముఖం పాలిపోయింది. నేను కోపంతో లేవబోయాను. మామగారు చేత్తోనే నన్ను కూర్చోమని, పిల్లనే అడిగి చేశామని గట్టిగా చెప్పారు.

"పదేండ్లన్న నిండని పిల్లకు ఏం తెలుస్తది, అడుగుతందుకు?" అన్నారు పెద్దాయన.

"అడగకముందు నేను గూడ గట్లనే అనుకున్న," అన్నారు మామగారు.