మునిగినా ముందున్న పడవ

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మూడు తరాలు చెప్పుకోవాలి. మా ముత్తాత ఏడు ఊళ్ళకు మిట్టదారు, అంటే చిన్నపాటి జమీందారు. ఐరాల దారిలో ఆయన గుర్రం ఎదురైతే బండ్లు పక్కకు తొలిగేవి. తాత గుర్రం లేకుండానే అదే దర్జాతో నడిచాడు. గుమాస్తా పని చేసిన నాయన, బస్సులో కిటికీ పక్క సీటు ఎవరైనా లేచి ఇస్తారేమోనని చూస్తూ నిలబడే పోయేవాడు. చివరికి మాకు మిగిలిన పదవి ఒక్కటే. మా చెరువు బోటు క్లబ్బులో ముందు పడవ మాది. ముత్తాత మద్రాసులో ఎవరిదో పడవ ఎక్కి, ఆ మోజులో ఇక్కడ క్లబ్బు పెట్టేశాడు. మా చెరువు నాలుగేళ్ళకొకసారి నిండితే గొప్ప అన్న సంగతి ఆయనకు ఎవరూ గుర్తుచేసినట్టు లేదు.

చెరువు ఎండినా మర్యాదలు ఎండలేదు. నీళ్ళు నిండిన ఏడాదిలో, ముందు పడవ చెరువు నడుమ ఉన్న ఏనుగుగుండు అనే పెద్ద బండను తాకి రావాలి. మిగతా పడవలు వెనకాలే రావాలి గాని దాటకూడదు. అది తిరిగొచ్చాక అందరూ తెడ్లు నిలువుగా ఎత్తాలి. అడగకుండా ఎవరికీ తాడు విసరకూడదు, అది అవమానం. ముందు పడవ గుండును తాకలేకపోతే ఆ హక్కు రెండో పడవకు పోతుంది. నీళ్ళు లేని ఏళ్ళలో సభ్యులు పూతలపట్టు బస్టాండులో ఎదురుపడితే మడిచిన గొడుగులు నిలువుగా ఎత్తేవాళ్ళు. (పక్కనున్నవాళ్ళు వాన వస్తుందేమోనని ఆకాశం చూసేవాళ్ళు.)

నాకు ఇరవై ఏళ్ళున్నప్పుడు చెరువు నిండింది. నాయనకు నడుము పట్టేయడంతో తెడ్డు నా చేతికొచ్చింది. నేను అంతవరకు ఎండిన చెరువులో, మట్టి మీద పడవ పెట్టుకుని మాత్రమే తెడ్డు వేసినవాణ్ణి. పడవకు నీలం రంగు వేయించి మురిసిపోతుంటే వడ్రంగి ఆచారి తాత వచ్చాడు. "చిన్నయ్యా, చెక్క ఎండి సందులు విడిసిపోయి ఉండాది. నాలుగు దినాలు నీళ్ళల్లో ముంచి పెట్టల్ల. అప్పుడు గాని ఉబ్బి మూసుకోదు" అన్నాడు. "మా పడవేమన్నా శనగలా, నానబెట్టడానికి? రంగు పోతుంది" అన్నాను. ఆయన నా మొహం, పడవ మొహం చూసి, "సరే, మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

గట్టు నిండా జనం. సగం దూరం పోయేసరికి పాదాలు చల్లబడ్డాయి. ఇంకో పది తెడ్లు వేసేసరికి మోకాళ్ళు. వెనక రెండో పడవ ఊళ్ళో బెల్లం మండీ నడిపే మామది. ఆయన పడవలోంచి అల్లుడి గొంతు వినబడింది. "మామా, మునిగిపోతా ఉండాడే, తాడు ఏద్దామా?"

"ఉండ్రా. అడగనీ" అని, మామ గొంతెత్తి నన్ను పలకరించాడు. "చిన్నయ్యా, ఏమన్నా కావల్నా?"

నీళ్ళు అప్పటికి నా నడుము దాకా వచ్చాయి. నాకు ఈత రాదు. అయినా అడిగితే మూడు తరాల పరువు పోతుంది. "ఏమీ వద్దు మామా, బాగుండాను. మీరు నిదానంగా రండి" అన్నాను, వీపు నిటారుగా పెట్టి.

కాసేపటికి పడవ నా కిందినుంచి జారిపోయింది. కళ్ళు మూసుకుని ముత్తాతను తలుచుకున్నాను. కాళ్ళు నేలకు తగిలాయి! నీళ్ళు ఛాతీ దాకే. ఇన్ని తరాలుగా ఏలిన చెరువు లోతు మా ఇంట్లో ఎవరూ కొలిచిన పాపాన పోలేదు. నీళ్ళు నిండిన పడవను తాడు పట్టి ఈడుస్తూ గుండు వైపు నడిచాను.

"ఇంక మనమే ముందు మామా, దాటు" అన్నాడు అల్లుడు.

"పడవ ముందర పోతానే ఉండాది గదా. ఎట్ల పోవల్లనేది రూల్లో యాడుండాది?" అన్నాడు మామ. తర్వాత పంచె ఎగ్గట్టి నీళ్ళల్లోకి దూకాడు. "ముందు పడవాయన నడస్తా ఉంటే మనం కూసోని పోతే మర్యాద గాదప్పా. దిగండి అందరూ!"

ఆరు పడవలవాళ్ళూ దిగారు. అందరం పడవల్ని ఎనుముల్లాగా తోలుకుంటూ పోయి గుండును తాకి వచ్చాం. గట్టు మీద ఈలలు. తడిసిన తెడ్లు నిలువుగా లేచాయి. అంత నవ్వు, అంత చప్పుడు ఆ చెరువు మళ్ళీ విన్నట్టు లేదు. ఆచారి తాత మాత్రం పడవను తట్టి, "ఇప్పుడు బాగా నానింది చిన్నయ్యా" అన్నాడు.

ఆ తెడ్లు మా మిట్టకు లేచాయనుకుని ఆ రోజంతా తడి చొక్కాతోనే ఊరంతా తిరిగాను. నా పరువు కాపాడినవాడు నా వెనకే ఛాతీ లోతు నీళ్ళలో నడిచాడని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మొన్న చెరువు మళ్ళీ నిండింది. గట్టు మీద నిలబడి గొడుగు అందరికన్నా ముందు నేనే ఎత్తాను. ముందు పడవలో మామ మనవడు ఉన్నాడు. నాయన చనిపోయిన ఏడాదే మా పడవను, రెండు తెడ్లతో సహా, వాళ్ళకే అమ్మేశాను.