ఒకే పొద్దున వచ్చిన ఐదు సీసాలు

ఇస్త్రీ బట్టలు పట్టుకుని ఎలాగూ ఇంటింటికీ తిరుగుతుంది కదా, మలపరీక్ష సీసాలు కూడా ఆమె చేతికే ఇస్తే పోదా అని ఊళ్లో ఆరోగ్య ప్రచారం చేసే సంస్థవాళ్లకు తోచింది. ఆ రోజుతో ఆమె అసలు పేరు పోయి సీసాలక్క అన్న పేరే మిగిలింది. పేగు క్యాన్సర్ గురించి జనానికి చెప్పి, పరీక్షలు చేయించమని ఎక్కడో ఉన్న దాతలు ఆ సంస్థకు మూడేళ్లకు సరిపడా నిధి ఇచ్చారు. ఆమె భర్త పోయింది ఆ జబ్బుతోనే. రక్తం పడుతుంటే మొలలేనని ఏడాదిపాటు పూతమందు రాసుకుంటూ కూర్చున్నాడు. అందుకే ముక్కు మూసుకున్నవాళ్లను కూడా ఆమె వదిలేది కాదు.

"పొద్దున్నే ఇదేం బేరమక్కా?" అని నవ్వేవాళ్లు.

"నవ్వితే నవ్వారుగాని, నింపి ఇవ్వండి," అనేది.

మూడేళ్లకు ఆమె కాళ్లూ అరిగాయి, నిధీ అరిగింది. కొత్త సీసాలు లేవు. పెద్దాసుపత్రిలో పేగులోకి గొట్టం వేసి చూసే పరీక్షకు సంస్థ డబ్బు కట్టగలిగేది ఇక ఒక్కరికే.

సరిగ్గా అప్పుడే మేడింటి నుంచి ఐదు సీసాలు వచ్చాయి. మూడేళ్లుగా సీసాలు నింపకుండా ఆమెను తిప్పుకున్న ఇల్లది. ఐదింటిలోనూ రక్తం ఉందని తేలింది.

"ఒకే ఇంట్లో ఐదుగురక్కా! దీంతో నిధి పొడిగించినా పొడిగిస్తారు," అన్నాడు సంస్థ అధికారి, లాటరీ తగిలినవాడిలా.

సీసాలక్కకు నమ్మకం కుదరలేదు. కూర దగ్గర కూడా ఒక్కమాట మీద నిలబడని ఆ ఐదుగురికీ ఒకే పొద్దున కడుపు కదిలిందా?

మేడింటి పెద్దాయన మాత్రం తీర్మానించేశాడు. "ఇంటిపెద్దను నేను. ఆసుపత్రికి నేనే వెళ్తాను."

ఆమె వెనక గుమ్మానికి వెళ్లింది. పెద్దకోడలు ఇస్త్రీ మూట కడుతోంది.

"చెల్లెమ్మా, నిజం చెప్పు. సీసాలు ఎవరు నింపారు?"

కోడలు ముడి బిగించింది. "అందరికీ అసహ్యమేగా. నా ముందు పడేసి, నువ్వే చూడమన్నారు. ఈ ఇంట్లో నేను చూడని పనేముందక్కా? నువ్వు తిరగలేక తిరుగుతున్నావని జాలేసింది కూడా."

"అన్నీ నీవేనా?"

కోడలు తలూపింది.

"రక్తం ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి. మొలలేమో అనుకున్నా."

ఆ మాటకు సీసాలక్కకు కాలుతున్న ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పడ్డట్టయింది. తిన్నగా ముందు గదిలోకి నడిచి, పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"బతికించావు తల్లీ! అయితే నాకేం లేదన్నమాట."

"ఉందో లేదో తెలియదండీ. మీరు అసలు పరీక్షే చేయించుకోలేదు."

ఆ రెండో మాట ఆయన చెవిన పడలేదు. "అంత మోసం చేసిందా? సరే, దాన్నే తీసుకుపో," అన్నాడు, పాత చొక్కా దానం చేసినట్టు.

అధికారి తల పట్టుకున్నాడు. "దాతలకు ఐదని రాసి పంపేశానక్కా. ఇప్పుడు ఒకటంటే పరువుంటుందా?"

"మీ కాగితం మీ ఇష్టం బాబూ. ఆసుపత్రి చీటీ మీద మాత్రం కోడలి పేరు రాయండి."

రాశాడు. నివేదికలో ఐదు ఐదుగానే ఉండిపోయింది. అయినా నిధి పొడిగించలేదు.

ఆసుపత్రిలో బట్టలు మార్చుకుంటూ కోడలు, "మధ్యాహ్నానికి ఇంటికి పోతానా? వంట కాలేదు," అని అడిగింది. గంట తర్వాత డాక్టరు బయటికొచ్చాడు. గడ్డ ఉంది, ఇంకా పాకలేదు, ఈ నెలలో కోసేస్తే మనిషి దక్కుతుంది అన్నాడు. కోతకు డబ్బెవరిస్తారని సీసాలక్క అడిగింది. మీ సంస్థ ఉందిగా అన్నాడాయన. సంస్థ నిధి తెలుసుకోవడం వరకే. తెలిశాక ఏం చెయ్యాలో దాతలు రాయలేదు.

మర్నాడు ఆమె ఇస్త్రీ మడతలతో మేడింటికి వెళ్లింది.

"మళ్లీ సీసానా?" పెద్దాయన విసుక్కున్నాడు.

"కాదండీ. కోతకు డబ్బు."

"చూద్దాంలే."

మూడేళ్లుగా ఆ గుమ్మంలో నిలబడే మాట్లాడింది. ఆ రోజు బట్టలు పక్కన పెట్టి, మెట్టు మీద కూలబడింది. లోపల కోడలు గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"చూడండి," అంది. "నాకేం తొందర లేదు. నా సీసాల ఉద్యోగం నిన్నటితో అయిపోయింది."